జపాన్ దేవతలు, యోకైలు, పురాణగాథలు: తరచుగా అడిగే ప్రశ్నలు

యానిమే చూసో, వీడియో గేమ్ ఆడో చాలామంది జపాన్ పురాణాల వైపు వస్తారు. అప్పటికే పేర్లు నోటికి వచ్చి ఉంటాయి, కథలు మాత్రం ముక్కలు ముక్కలుగా అందుతాయి. ఏ ప్రశ్న వచ్చినా మేము ముందుగా రెండు సంగతులు అడుగుతాం: ఈ కథ ఏ గ్రంథంలో ఉంది? ఏ ఊరి గుడి దీన్ని తనదంటోంది? ఆ రెండూ తేలాకే జవాబు.

మూలగ్రంథం ఏది?

ప్రధానమైనవి రెండు. క్రీ.శ. 712లో పూర్తయిన కొజికి, 720లో పూర్తయిన నిహొన్ షొకి. హియెద నొ అరె అనే గొప్ప ధారణ గల వ్యక్తి నోట నిలిచిన వంశగాథలను మహారాణి గెమ్మెయ్ ఆజ్ఞ మీద ఓ నొ యసుమరో రాతలో పెట్టాడు. అదే కొజికి, మూడు సంపుటాలు. నిహొన్ షొకి ముప్పై సంపుటాలు. దాన్ని చైనా రాజచరిత్రల పద్ధతిలో, చైనా భాషలోనే రాశారు. రెండూ రాజాస్థానంలో పుట్టినవే. చక్రవర్తి వంశం సూర్యదేవత అమతెరసు నుంచి దిగివచ్చిందని చూపడం వాటి పని. చదివేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

వీటి పక్కన ఫుదొకిలు ఉన్నాయి. మీ నేల ఎలాంటిది, ఏం పండుతుంది, ఊళ్లకు ఆ పేర్లు ఎలా వచ్చాయో రాసి పంపమని 713లో ప్రాంతాలకు ఆజ్ఞ వెళ్లింది. అలా వచ్చిన వాటిలో దాదాపు మొత్తం మిగిలింది 733 నాటి ఇజుమొ ఫుదొకి ఒక్కటే. అమతెరసు తమ్ముడు సుసనో ఎనిమిది తలల పామును చంపింది ఇజుమొ ప్రాంతంలోనే కదా, ఆ కథ మాత్రం ఇజుమొవాళ్లు రాసుకున్న ఈ పుస్తకంలో లేదు. దాని బదులు సముద్రం అవతలి నేలను తాళ్లు కట్టి లాక్కొచ్చి తమ దేశానికి అతికించుకున్న దేవుడి కథ ఉంది. ఆస్థానం చెప్పిన కథ ఒకటి, ఊరు చెప్పుకున్న కథ ఇంకొకటి.

రెండు గ్రంథాల్లో కథ వేరుగా ఉంటే ఏది సరైనది?

రెండూ సరైనవే. నిహొన్ షొకి రాసినవాళ్లే ఒక ఘట్టం చెప్పి, ఆ వెంటనే ‘ఒక గ్రంథంలో ఇలా ఉంది’ అంటూ వేరే పాఠాలు వరసగా ఇస్తారు. మన రామాయణాలకు అలవాటు పడ్డ తెలుగు పాఠకుడికి ఇది కొత్తేమీ కాదు.

తిండిగింజలు పుట్టిన కథ చూడండి. కొజికిలో అన్నదేవత పేరు ఓగెత్సుహిమె. ఆమె ముక్కులోంచి, నోట్లోంచి, వెనక నుంచి తినే పదార్థాలు తీసి వడ్డించడం చూసి, నాకు ఎంగిలి పెడతావా అని సుసనో ఆమెను చంపేస్తాడు. ఆమె తలలోంచి పట్టుపురుగులు, కళ్లలోంచి వరి, చెవుల్లోంచి చిరుధాన్యం, ముక్కులోంచి అజుకి అనే ఎర్రగింజలు పుడతాయి. నిహొన్ షొకి ఇచ్చిన ఒక పాఠంలో ఆ దేవత పేరు ఉకెమొచి, చంపింది చంద్రదేవుడు త్సుకుయోమి. ఆ సంగతి విన్న అమతెరసు ‘ఇక నీ మొహం చూడను’ అంటుంది. సూర్యుడూ చంద్రుడూ వేర్వేరు వేళల్లో తిరగడం అప్పటి నుంచేనట. ‘చంపింది ఎవరు?’ అని మాత్రమే అడిగితే జవాబు తప్పవచ్చు. ఏ పుస్తకంలో అని కూడా అడగాలి.

కమి అంటే దేవుడేనా?

దగ్గరి మాటే కానీ సరిగ్గా అదే కాదు. పద్దెనిమిదో శతాబ్దపు పండితుడు మొతోరి నొరినగ ముప్పై ఏళ్లకు పైగా కూర్చుని కొజికికి 44 సంపుటాల వ్యాఖ్యానం రాశాడు. మామూలుకు మించిన శక్తి ఉండి, చూస్తే ఒళ్లు జలదరించేది ఏదైనా కమియే అన్నది ఆయన నిర్వచనం. అది మంచిదే కానక్కరలేదు. కొండ, జలపాతం, పెద్ద చెట్టు, ఉరుము, చనిపోయిన మనిషి, అన్నీ కమి కావచ్చు.

‘ఎనభై లక్షల కమిలు’ అన్న మాట తరచూ వినబడుతుంది. మన ముక్కోటి దేవతల లాంటిదే ఆ లెక్క, లెక్కలేనంతమంది అని దాని భావం. గుడి లోపల విగ్రహం కోసం వెతక్కండి. చాలా గుళ్లలో దేవత నిలిచే వస్తువు ఒక అద్దమో, రాయో, కత్తో. అదీ ఎవరికీ చూపరు. నారా ప్రాంతంలోని ఓమివ గుడికి గర్భాలయం లేదు. వెనకున్న మివ కొండే దేవుడు.

పేర్లు ఎలా పలకాలి?

ఈ విషయంలో మనకు చాలా తేలిక. తెలుగులో హ్రస్వ ‘ఎ’, ‘ఒ’ ఉన్నాయి, జపనీస్‌లోనూ ఉన్నాయి. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి సాగదీయడం దగ్గరే పొరపాటు జరుగుతుంది. అమాటెరాసు కాదు, అమతెరసు. ఇజానాగి కాదు, ఇజనగి. ‘ట’ ఉండదు, ‘త’యే.

పేరు చివర వచ్చే ‘నొ కమి’, ‘నొ మికొతొ’ గౌరవ పదాలు. ‘హిమె’ ఉంటే స్త్రీ, ‘హికొ’ ఉంటే పురుషుడు. ఒకే దేవుడికి నాలుగైదు పేర్లుంటాయి, పైగా రెండు గ్రంథాల్లో వాటిని రాసే అక్షరాలు వేరు. ఓకునినుషి, ఓనముజి, అషిహరషికొ ముగ్గురు దేవుళ్లనుకుని రాసేస్తుంటారు. ముగ్గురూ ఒక్కరే.

సృష్టి ఎలా జరిగిందంటారు?

ఇజనగి, ఇజనమి అనే జంట ఆకాశవంతెన మీద నిలబడి, రత్నాలు పొదిగిన ఈటెతో సముద్రాన్ని కలియబెట్టారు. ఈటె కొస నుంచి జారిన ఉప్పుచుక్కలు గడ్డకట్టి ఒనొగొరొ దీవి అయింది. అక్కడ ఒక స్తంభం చుట్టూ చెరోవైపు నుంచి తిరిగి పెళ్లి చేసుకున్నారు. ముందుగా ఇజనమి పలకరించింది. అందుకే మొదటి బిడ్డ జలగలా ఎముకల్లేకుండా పుట్టిందని గ్రంథం చెబుతుంది. ఆ బిడ్డను రెల్లు పడవలో వదిలేశారు. మళ్లీ తిరిగి, ఈసారి ఇజనగి ముందు పలకరించాక అవజితో మొదలుపెట్టి ఎనిమిది దీవులు పుట్టాయి.

అగ్నిదేవుణ్ని కంటూ ఇజనమి కాలి చనిపోయింది. భర్త యోమి అనే మృతలోకానికి వెళ్లాడు. ‘ఇక్కడి వంట తినేశాను, అయినా అడిగి చూస్తాను, నన్ను మాత్రం చూడకు’ అందామె. అతను ఆగలేక జడలోని దువ్వెన పన్ను ఒకటి విరిచి వెలిగించాడు. పురుగులు లుకలుకలాడే ఒళ్లు, దాని మీద ఎనిమిది ఉరుముదేవతలు కనిపించారు. పరుగెత్తాడు. తలకు చుట్టుకున్న తీగ విసిరితే ద్రాక్షలయ్యాయి, దువ్వెన విసిరితే వెదురు మొలకలయ్యాయి. వెంటాడేవాళ్లు అవి తింటూ ఆగారు. చివరికి మూడు పీచ్ పళ్లు విసిరి తప్పించుకుని, దారికి అడ్డంగా బండ పెట్టాడు. బండ అవతల నుంచి ఆమె ‘రోజుకు వెయ్యిమందిని చంపుతాను’ అంది. ‘రోజుకు పదిహేను వందల మంది పుట్టేలా చేస్తాను’ అన్నాడతను.

ఆ మైల పోగొట్టుకోవడానికి నదిలో మునిగినప్పుడు ఎడమకంటి నుంచి అమతెరసు, కుడికంటి నుంచి త్సుకుయోమి, ముక్కు నుంచి సుసనో పుట్టారు. జపాన్ గుళ్లలో నీళ్ల తొట్టి ముందు చేతులు కడుక్కునే ఆచారానికి ఈ స్నానాన్నే మూలంగా చెబుతారు.

అమతెరసు గుహలో ఎందుకు దాక్కుంది?

తమ్ముడు సుసనో ఆగడం భరించలేక. అతను చేసిన పనుల పట్టిక గమనించండి: వరిమళ్ల గట్లు తెగ్గొట్టాడు, కాలవలు పూడ్చాడు, కొత్తపంట పండగ జరిగే శాలలో మలవిసర్జన చేశాడు. చివరగా తోలు ఒలిచిన గుర్రాన్ని నేతశాల కప్పులోంచి పడేస్తే ఒక నేతకత్తె కండె గుచ్చుకుని చనిపోయింది. అన్నీ వరి పండించే ఊళ్లో క్షమించరాని నేరాలే. గట్టు తెగితే ఏమవుతుందో డెల్టా రైతుకు వేరే చెప్పాలా!

లోకం చీకటయ్యాక ఒమొయికనె అనే ఆలోచనదేవుడు పథకం వేశాడు. కోళ్లను కూయించారు. చెట్టుకు అద్దం, పూసల దండలు వేలాడదీశారు. అమె నొ ఉజుమె అనే దేవత బోర్లించిన తొట్టి మీద కాళ్లు దబదబలాడిస్తూ, బట్టలు జారిపోయేలా ఆడితే దేవతలంతా ఆకాశం అదిరేలా నవ్వారు. ఏమిటా నవ్వులని అమతెరసు బండ కొద్దిగా జరిపింది. ‘నీకన్నా గొప్ప దేవత దొరికిందని సంబరం’ అని చెప్పి అద్దం చూపించారు. ఆమె ఇంకాస్త ముందుకు వంగగానే తజికరవో అనే బలశాలి దేవుడు చెయ్యి పట్టి బయటికి లాగాడు, వెనక తాడు కట్టేశారు. ఇప్పుడు గుళ్ల ముందు కనిపించే పేనిన గడ్డితాడు షిమెనవకు ఇదే మూలకథ.

ఎనిమిది తలల పామును ఎలా చంపారు?

సారాతో. స్వర్గం నుంచి వెళ్లగొట్టాక సుసనో ఇజుమొలో హి నది దగ్గర దిగాడు. ఒక ముసలి జంట కూతుర్ని పట్టుకుని ఏడుస్తోంది. ఎనిమిదిమంది పిల్లల్లో ఏడుగుర్ని యమత నొ ఒరొచి ఏటా వచ్చి తినేసింది. మిగిలింది కుషినద హిమె ఒక్కతే. పాము కళ్లు ఎర్రగా ఉంటాయి, ఒంటి మీద నాచు, దేవదారు చెట్లు మొలిచి ఉంటాయి, పొట్ట ఎప్పుడూ నెత్తురోడుతూ ఉంటుంది.

సుసనో పిల్లను దువ్వెనగా మార్చి జుట్టులో పెట్టుకున్నాడు. మళ్లీ మళ్లీ కాచిన చిక్కటి సారా తయారు చేయించాడు. కంచె కట్టి, ఎనిమిది ద్వారాలు, ద్వారానికో అరుగు, అరుగు మీదో తొట్టి. ఒక్కో తల ఒక్కో తొట్టిలో దూరి తాగి పడుకుంది. నరుకుతుంటే ఒక తోక దగ్గర అతని కత్తి అంచు విరిగింది. చీల్చి చూస్తే లోపల ఇంకో కత్తి. అదే తర్వాత కుసనగి అయింది.

ఆ కత్తిని, అద్దాన్ని చూడొచ్చా?

చూడలేరు. అవి రెండూ, ఒక రత్నమూ కలిసి చక్రవర్తి మూడు రాజచిహ్నాలు. అద్దం ఇసె మహాలయంలో, కత్తి నగొయాలోని అత్సుత గుడిలో, రత్నం తోక్యోలో రాజప్రాసాదంలో ఉన్నాయని సంప్రదాయం. 2019 మే 1న చక్రవర్తి నరుహితో గద్దెనెక్కినప్పుడు టీవీలో కనిపించినవి పట్టుబట్టలో చుట్టిన పెట్టెలు మాత్రమే. అందులో కత్తి కూడా ప్రతిరూపం. వీటి అసలు ఫోటో అంటూ ఆన్‌లైన్‌లో తిరిగేది ఏదీ నిజం కాదు.

ఇసె గుడి రెండువేల ఏళ్ల పాతదా?

సంప్రదాయం పాతది, కలప కొత్తది. ప్రతి 20 ఏళ్లకు పక్క స్థలంలో అచ్చం అలాగే కొత్త గుడి కట్టి దేవతను అందులోకి మారుస్తారు. 62వసారి 2013లో జరిగింది, తర్వాతిది 2033లో.

మన సరస్వతి, వినాయకుడు అక్కడ ఉన్నారంటారు, నిజమేనా?

నిజమే. బౌద్ధంతో పాటు చైనా మీదుగా వెళ్లారు. పేరు చివర ‘తెన్’ ఉంటే అది ‘దేవ’ అనే మాటకు అనువాదం. బొంతెన్ బ్రహ్మ, తైషకుతెన్ ఇంద్రుడు, బిషమొన్‌తెన్ వైశ్రవణుడు అంటే మన కుబేరుడు, ఎమ్మ యముడు.

బెంజైతెన్ సరస్వతి. వీణ స్థానంలో బివ అనే తంత్రీవాద్యం పట్టుకుంటుంది. ఎనిమిది చేతుల్లో ఆయుధాలు పట్టిన పాత రూపం కూడా ఉంది, అది సువర్ణప్రభాస సూత్రం నుంచి వచ్చింది. నదీదేవత కాబట్టి ఆమె గుళ్లు నీటి ఒడ్డునో దీవిలోనో ఉంటాయి: ఎనొషిమ, చికుబుషిమ, ఇత్సుకుషిమ. పేరులో ‘జై’కి మొదట ‘ప్రతిభ’ అనే అక్షరం రాసేవారు. తర్వాత అదే శబ్దం గల ‘ధనం’ అక్షరం వచ్చి చేరింది. అలా చదువులతల్లి సంపద కూడా ఇవ్వసాగింది. కమకురలోని ఒక బెంతెన్ (బెంజైతెన్‌కే పొట్టిపేరు) గుడిలో చిన్న బుట్టలో నాణేలు, నోట్లు పెట్టి ఊటనీటితో కడుగుతారు. నోటును మొత్తం ముంచకండి, అంచు తడిస్తే చాలు.

ఒక జాగ్రత్త: 1868లో ప్రభుత్వం కమిలనూ బౌద్ధ దేవతలనూ విడదీయమని ఆజ్ఞ ఇచ్చింది. దాంతో చాలా బెంతెన్ గుళ్లలో దేవత పేరు ఇచికిషిమ హిమె అని మారింది. బోర్డు మీద ఆ పేరు చూసి తప్పు గుడికి వచ్చామనుకోవద్దు.

దైకొకుతెన్ కథ ఇంకా విచిత్రం. ‘దై’ అంటే మహా, ‘కొకు’ అంటే నలుపు. అంటే మహాకాలుడు! ఓకునినుషి పేరులోని ‘గొప్ప దేశం’ అక్షరాలను కూడా ‘దైకొకు’ అని చదవొచ్చు. ఆ శబ్దసామ్యంతో ఇద్దరూ కలిసిపోయారు. శ్మశానంలో భయపెట్టిన రూపం ఇప్పుడు బియ్యం మూటల మీద నిలబడి, చేతిలో సుత్తితో, బుగ్గలు పొంగేలా నవ్వుతూ వంటింట్లో ఉంటోంది.

వినాయకుడు కంగితెన్. రెండు ఏనుగుతలల దేవతలు కౌగిలించుకున్న రూపం సాధారణం, దాన్ని భక్తులకు చూపరు. తోక్యో అసకుసలోని మత్సుచియమ గుడిలో నైవేద్యం తెల్ల ముల్లంగి. ఈ దేవుడికి పెట్టే కంగిదన్ అనే వేయించిన మూటలాంటి తీపి వంటకం మోదకానికి దూరపు చుట్టం.

ఇంకొక్కటి. నారాలోని తోదైజి మహాబుద్ధుడికి 752లో కళ్లు దిద్దినది భారతదేశం నుంచి వెళ్లిన బోధిసేనుడు. సంస్కృత అక్షరాల చదువు ప్రభావంతోనే జపనీస్ అక్షరమాల వరస క, స, త, న, హ, మ, య, ర, వ అని ఏర్పడింది. మన వర్ణమాల పక్కన పెట్టి చూడండి.

ఇనరి అంటే నక్కదేవుడా?

కాదు. ఇనరి వరి, వ్యాపారాల దేవత. నక్క ఆ దేవత దూత. వినాయకుడికి ఎలుక ఉన్నంతమాత్రాన ఎలుకే దేవుడు కాదు కదా. నక్క బొమ్మ నోట్లో ఏముందో చూడండి: వరికంకి, ధాన్యపు కొట్టు తాళంచెవి, రత్నం, చుట్టిన గ్రంథం, ఈ నాలుగిట్లో ఒకటి ఉంటుంది. క్యోతోలోని ఫుషిమి ఇనరి కొండ మీద ఎర్ర తొరీ ద్వారాల కింద ఎక్కేటప్పుడు స్తంభాలు ఖాళీగా కనిపిస్తాయి. దిగేటప్పుడు తిరిగి చూస్తే ప్రతి స్తంభం మీదా నల్ల అక్షరాలు, ఇచ్చినవారి పేరు, తేదీ. కలప కనుక పుచ్చిపోతాయి, కొత్తవి నిలబెడతారు.

యోకై, యూరే, ఒని ఒకటేనా?

మూడూ వేరు. యూరే చనిపోయిన ఫలానా మనిషి ఆత్మ, ఫలానా మనిషి కోసమే వస్తుంది. యోకై అంటే వింతజీవి, అది ఒక చోటును అంటిపెట్టుకుని ఉంటుంది, అటు వెళ్లిన ఎవరికైనా ఎదురవుతుంది. జానపద పరిశోధకుడు యనగిత కునియో చెప్పిన ఈ తేడాకు మినహాయింపులున్నా, మొదట పట్టుకోవడానికి పనికొస్తుంది. ఒని కొమ్ములు, ఇనపగద ఉన్న రాక్షసుడు. ఫిబ్రవరి 3న, కొన్ని ఏళ్లలో 2న వచ్చే సెత్సుబున్ రోజు ‘ఒని బయటికి, అదృష్టం లోపలికి’ అంటూ వేయించిన సోయా గింజలు విసురుతారు. పచ్చివి వాడకూడదు, ఎక్కడో మూల పడి మొలకెత్తితే కీడు అంటారు. తర్వాత వయసుకు సరిపడా గింజలు తింటారు.

యూరే బొమ్మల్లో తెల్ల కిమొనో కుడి అంచు పైకి ఉంటుంది. శవానికి అలాగే కడతారు. జపాన్ వెళ్లి యుకత అనే పల్చటి కిమొనో కట్టుకునే మనవాళ్లు తరచూ చేసే పొరపాటు ఇదే. ముందు కుడి అంచు ఒంటికి ఆనించి, ఎడమ అంచు దాని మీదికి తేవాలి.

యోకైలన్నీ ప్రాచీనమైనవి కావు. చిత్రకారుడు తొరియమ సెకియెన్ 1776లో మొదలుపెట్టి వేసిన బొమ్మల పుస్తకాల్లో అతను సొంతంగా కల్పించినవే చాలా ఉన్నాయి. అమబియె అనే పొలుసుల జీవి గురించి 1846 నాటి ఒక్క కరపత్రమే ఆధారం. నా బొమ్మ గీసి అందరికీ చూపండి అని అది చెప్పిందట. 2020లో కరోనా సమయంలో జపాన్ ఆరోగ్య శాఖ దాన్నే ప్రచార చిత్రంగా వాడింది.

కప్ప అంటే మన కప్పేనా?

ఉచ్చారణ అచ్చం అదే, జీవి మాత్రం వేరు. ‘నదిపిల్లాడు’ అని దాని పేరుకు అర్థం. వీపున తాబేటి డిప్ప, తల మీద పళ్లెంలాంటి గుంట, అందులో నీళ్లు. ఆ నీళ్లు ఒలికితే బలం పోతుంది. మర్యాద తెలిసిన జీవి కాబట్టి మీరు వంగి నమస్కరిస్తే అదీ వంగుతుంది, నీళ్లు కారిపోతాయి. గుర్రాల్ని, పిల్లల్ని నీళ్లలోకి లాగుతుందంటారు. పిల్లలు లోతు నీళ్ల దగ్గరికి పోకుండా పెద్దలు చెప్పే మాట అది. దోసకాయ దానికి ప్రాణం. అందుకే దోసకాయ సుషీ చుట్టకు కప్పమకి అని పేరు.

మనిషి దేవుడు ఎలా అవుతాడు?

భయం వల్ల కూడా అవుతాడు. సుగవర నొ మిచిజనె గొప్ప పండితుడు, మంత్రి. చాడీల వల్ల 901లో దూరాన క్యూషూలోని దజయిఫుకు వెళ్లగొట్టారు, 903లో అక్కడే పోయాడు. ఆ తర్వాత అతని శత్రువులు ఒక్కొక్కరే చనిపోయారు. 930లో రాజభవనం మీద పిడుగు పడింది. శాంతింపజేయడానికి 947లో క్యోతోలో కితనొ గుడి వెలిసింది. అకాలమరణం పొందిన ఇల్లాలిని పేరంటాలమ్మగా కొలిచే మన ఊళ్లకు ఈ తర్కం వెంటనే అర్థమవుతుంది. కాలం గడిచేకొద్దీ కోపం మరుగున పడి పాండిత్యం మిగిలింది. ఇప్పుడు తెంజిన్ పేరుతో ఆయన చదువుల దేవుడు. పరీక్షల ముందు పిల్లలు ఎమ అనే చెక్కపలక మీద చేరాలనుకున్న కాలేజీ పేరు రాసి కడతారు, గుళ్లో పడుకున్న ఎద్దు తల నిమురుతారు. ఎందరో నిమిరి నిమిరి ఆ తల నున్నగా మెరుస్తుంటుంది.

గుడికి వెళ్తే ఏం చేయాలి? చెప్పులు విప్పాలా?

ఆవరణలో విప్పనక్కరలేదు. ప్రత్యేక పూజకు లోపలి మందిరంలోకి పిలిస్తేనే విప్పుతారు. తొరీ ముందు తల వంచి, దారి నడిమధ్యన కాకుండా పక్కగా నడవండి. మధ్యభాగం దేవత దారి.

నీళ్ల తొట్టి దగ్గర కుడిచేత్తో గరిటె నిండా ముంచండి. మొత్తం పని ఆ ఒక్క గరిటెతోనే కావాలి. ముందు ఎడమచెయ్యి, గరిటె మార్చి కుడిచెయ్యి, మళ్లీ మార్చి ఎడమ అరచేతిలో కొంచెం పోసుకుని నోరు పుక్కిలించాలి. గరిటెకు నోరు తగలకూడదు, నీళ్లు తొట్టిలో ఉమ్మకూడదు. ఎడమచెయ్యి ఇంకోసారి కడిగి, గరిటె నిలువుగా ఎత్తితే మిగిలిన నీళ్లు కాడను కడుగుతూ జారతాయి. మొదటి చేతికే సగం పోసేస్తే చివరికి చాలవు. ఎక్కువమంది తడబడేది అక్కడే.

పెట్టెలో నాణెం వేసి, గంట ఉంటే మోగించి, రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మొక్కుకుని, ఒకసారి వంగాలి. ఐదు యెన్‌ల నాణెం వేయడం ఇష్టపడతారు. ‘గొయెన్’ అంటే ఐదు యెన్‌లు, అనుబంధం కూడా. ఇజుమొ మహాలయంలో చప్పట్లు నాలుగు. బౌద్ధాలయంలో చప్పట్లు కొట్టకూడదు, చేతులు జోడిస్తే చాలు.

పిల్లలకు ఏ కథతో మొదలుపెట్టాలి?

ఇనబ తెల్ల కుందేలుతో. దీవి నుంచి ఒడ్డుకు రావడానికి కుందేలు సముద్రంలోని వనిలను మోసం చేస్తుంది. మీ కులం పెద్దదో మా కులం పెద్దదో లెక్కపెడతానని వరసగా పడుకోబెట్టి, వాటి వీపుల మీదుగా గెంతుతూ వస్తుంది. ఇంకొక్క గెంతు ఉందనగా నిజం నోరు జారుతుంది. చివరి వని దాని బొచ్చంతా పీకేస్తుంది. ‘వని’ అంటే ఇప్పటి భాషలో మొసలి, కానీ ఆ ప్రాంతపు మాండలికంలో సొరచేప. కాబట్టి సొరచేప అని చెప్పడమే మేలు.

అటుగా పోతున్న ఎనభైమంది అన్నలు ఉప్పునీటిలో మునిగి గాలికి పడుకోమంటారు. చర్మం పగిలి కుందేలు ఏడుస్తుంటే, అందరి మూటలూ మోసుకుంటూ వెనకపడ్డ ఓకునినుషి వచ్చి సరైన వైద్యం చెబుతాడు. ముందు నది మంచినీటితో ఉప్పు పోయేలా కడుక్కో, తర్వాత జమ్ము కంకుల పుప్పొడి నేల మీద పరిచి అందులో దొర్లు. కుందేలుకు మళ్లీ బొచ్చు వస్తుంది. జమ్ము మన చెరువు గట్ల మీద కూడా పెరుగుతుంది. కథ చెప్పే ముందు ఒక గోధుమరంగు కంకి తెచ్చి పిల్లల చేతికివ్వండి.